పిల్లల బుర్రకు పని చెప్పే పాఠం

ప్రాథమిక బడిలో పాఠం పిల్లలకు నచ్చేలా ఉండాలంటే కాదనేవాళ్లు ఎవరూ లేరు. పేచీ అంతా ఆ నచ్చడం దేనివల్ల రావాలన్న దగ్గరే. గోడ నిండా రంగుల చార్టులు, అభినయ గేయం, చప్పట్లు, ఈమధ్య వచ్చిన టీవీ తెర, ఇవన్నీ ఉంటే పాఠం పండినట్టేనని చాలామంది లెక్క. పిల్లలు కళ్లు విప్పార్చుకొని చూస్తారు, హుషారుగా అరుస్తారు, గంట కొట్టగానే వెళ్లిపోతారు. మర్నాడు అదే లెక్కను కాస్త మార్చి బోర్డు మీద వేస్తే సగం తరగతి తెల్లమొహం వేస్తుంది. ఇందులో చార్టు తప్పూ లేదు, పాట తప్పూ లేదు. ఆ నలభై నిమిషాల్లో పిల్లవాడి బుర్ర ఏ పని చేయాలో ఎవరూ ముందుగా అనుకోకపోవడమే లోపం. చిన్నపిల్లలు దేని గురించి తల బద్దలు కొట్టుకుంటారో అదే వాళ్లకు గుర్తుంటుంది. తమ శక్తికి కొంచెం మించిన, కానీ అందేలా ఉన్న పని దొరికితే దాన్ని ఓ పట్టాన వదలరు కూడా. అందుకే పాఠ్య ప్రణాళికలో మొట్టమొదట రాసుకోవాల్సింది పిల్లలు దేనితో కుస్తీ పడతారన్న సంగతి. టీచరు ఏం చెప్తారు, ఏం చూపిస్తారు అన్నవి దాని వెనకే రావాలి. బెల్లంపల్లి లాంటి ఊరిని ముందు పెట్టుకొని చూస్తే ఈ మాటలోని బలమూ తెలుస్తుంది, దీన్ని ఆచరణలో పెట్టడంలోని ఇబ్బందులూ తెలుస్తాయి.

కాజీపేట–బల్హార్షా రైలుమార్గం మీద, ఇప్పటి మంచిర్యాల జిల్లాలో ఉన్న బెల్లంపల్లి బొగ్గు వల్ల పెరిగిన పట్టణం. ఇక్కడ గనులు తెరిచాక బాయిపని కోసం చుట్టుపక్కల జిల్లాల నుంచి, మహారాష్ట్ర నుంచి, ఉత్తరాది నుంచి కూడా మనుషులు వచ్చారు. ఒకే వీధిలో తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ వినిపించే ఊరిది. కాస్త ఎడంగా వెళ్తే గోండు, కోలాం గూడేలు వస్తాయి. ఇలాంటి చోట మూడో తరగతి గదిలో కూర్చున్న పాతికమంది ఒకే మెట్టు మీద ఉంటారనుకోవడం భ్రమ. ఒకరు కథ గడగడా చదువుతారు, ఇంకొకరు ఒత్తు దగ్గర ఆగిపోతారు, మరొకరికి అక్షరాలే కుదురుకోలేదు. ఇది బెల్లంపల్లికే పరిమితమైన సంగతి కాదు. గ్రామీణ ప్రాంతాల్లో ఇళ్లకు వెళ్లి పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే ప్రకారం 2022లో దేశంలోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 16.3 శాతం. 2024 నాటికి అది 23.4 శాతం అయింది. అంటే మూడో తరగతి పాఠ్యపుస్తకం తెరిచిన క్షణానే నలుగురిలో ముగ్గురికి ఆ పాఠం పరాయిదైపోతోంది. చదవలేని పాఠం ఎంత రంగుల్లో ఉన్నా ఏ పిల్లవాడినీ నిలబెట్టలేదు. పాఠం నచ్చకపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం అది తన స్థాయికి అందకపోవడమే. దీన్ని వదిలేసి వినోదాన్ని జోడిస్తే ఆ పిల్లవాడికి వినోదమే మిగులుతుంది.

స్థాయిని పట్టుకొని బోధించడం గురించి మన దేశంలో గట్టి ప్రయోగాలు జరిగాయి. ప్రథమ్ సంస్థ రూపొందించిన పద్ధతిలో తరగతితో నిమిత్తం లేకుండా పిల్లలను వాళ్ల చదువు మెట్టును బట్టి గుంపులు చేస్తారు. అక్షరాల గుంపుకు అక్షరాల పని, పదాల గుంపుకు పదాల పని ఇస్తారు. దీని ఫలితాలను తూచినవారిలో 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఉన్నారు. హర్యానాలో ప్రభుత్వ ఉపాధ్యాయులే రోజులో కొంత సమయం ఇందుకోసం విడిగా కేటాయించి, పర్యవేక్షణతో నడిపినప్పుడు హిందీ చదవడంలో పిల్లలు ముందుకు జరిగారు. మరికొన్ని చోట్ల సామగ్రి, శిక్షణ మాత్రం ఇచ్చి వదిలేస్తే పెద్దగా మార్పు రాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనం ఇంకా సూటిగా తగులుతుంది. పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరికి ఏది వచ్చో ఏది రాదో వివరంగా రాసిన నివేదికలను టీచర్ల చేతికిచ్చారు, తరగతులకు వెళ్లి గమనించారు కూడా. గమనించేవాళ్లు గదిలో ఉన్నప్పుడు టీచర్లు ఎక్కువ శ్రమించారు. కానీ ఆ తర్వాత విడిగా పెట్టిన పరీక్షలో ఈ బడుల పిల్లలు మిగతావాళ్ల కంటే మెరుగ్గా ఏమీ రాయలేదు. పిల్లవాడికి ఏది రాదో తెలిసినంత మాత్రాన పాఠం మారదని దీన్నిబట్టి నాకు అర్థమవుతోంది. తెలిసిన సంగతికీ రేపటి పీరియడ్‌కీ మధ్య ఒక వంతెన కట్టాలి. ప్రణాళిక అనేది ఆ వంతెన కావాలి. అది పై అధికారి సంతకం కోసం రాసే రికార్డుగా మిగిలిపోయినచోట తెలిసినా తెలియకపోయినా ఒకటే.

అలాంటి ప్రణాళిక ఎలా ఉంటుందో మూడో తరగతి గడియారం పాఠంతో చూద్దాం. అట్ట గడియారం చేయించి ముళ్లు తిప్పించడం మామూలు పద్ధతి. అది అవసరమే. పిల్లలు అక్కడ గంటలు చెప్పడం నేర్చుకుంటారు, కానీ ఎంతసేపు అన్న ప్రశ్న రాగానే తడబడతారు. బొగ్గు ఊళ్లో ఈ ప్రశ్నకు కావలసిన సరుకంతా ఇంటి దగ్గరే ఉంది. గనిని బట్టి వేళలు కాస్త మారినా షిఫ్టులు ఉదయం 7, మధ్యాహ్నం 3, రాత్రి 11 అనుకుందాం. ఉదయం 7కు దిగిన మనిషి 3కు బయటికొస్తే ఎన్ని గంటలు పని చేసినట్టు? కొందరు 7లోంచి 3 తీసేసి 4 అంటారు. వేళ్ల మీద లెక్కపెట్టినవాళ్లు 8 అంటారు. ఇంకొందరు 7ను కూడా కలిపి లెక్కపెట్టి 9 అంటారు. రాత్రి షిఫ్టు దగ్గరికి వచ్చేసరికి అసలు పేచీ మొదలవుతుంది. 11లోంచి 7 తీసేస్తే 4 వస్తుంది, తీసివేత తప్పు లేకుండానే వస్తుంది. కానీ ఆ సమాధానం ఇంటి అనుభవానికి అడ్డం తిరుగుతుంది. "మా బాపు రాత్రంతా బాయిలనే ఉంటడు, నాలుగు గంటలెట్లయితది టీచర్?" అని ఎవరో ఒకరు లేచి అడిగే పాఠం ఇది. ఆ ప్రశ్న టీచరు నోటి నుంచి కాక పిల్లల నోటి నుంచి రావడానికి చోటు వదలడంలోనే ప్రణాళిక నేర్పు ఉంది. అప్పుడు బోర్డు మీద ఒక గీత గీసి, 11 నుంచి 12కు ఒకటి, 12 నుంచి 7కు ఏడు అని అడుగులు వేయిస్తే అర్ధరాత్రిని దాటడం ఎలాగో తెలుస్తుంది. మూడు షిఫ్టులూ కలిపితే 24 రావాలి కాబట్టి తమ సమాధానాలను వాళ్లే సరిచూసుకోగలరు. చివరగా షిఫ్టుతో సంబంధం లేని లెక్క ఒకటి ఇవ్వాలి. రాత్రి 10:40కు ఎక్కిన రైలు 1:15కు దిగబెడితే ప్రయాణం ఎంతసేపు? దీన్ని చేయగలిగితేనే నేర్చుకున్నది గడియారం పని. లేకపోతే షిఫ్టుల సంగతి ఒకటి గుర్తుపెట్టుకున్నారంతే. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఎవరి తండ్రి ఏం చేస్తాడని ఒక్కొక్కరినీ లేపి అడగకూడదు. బాయి ప్రమాదంలో తండ్రిని పోగొట్టుకున్న పిల్ల ఆ గదిలో ఉండవచ్చు, ఏళ్ల తరబడి కాంట్రాక్టు పనిలోనే ఉండిపోయిన ఇంటి పిల్లవాడు ఉండవచ్చు. బండి నడిపేవాళ్లు, ఆస్పత్రి నర్సులు, రైల్వేవాళ్లు కూడా షిఫ్టులు చేస్తారు. లెక్క అందరిదీ కావాలి.

ఈ పాఠంలో ఆట సామాను ఏమీ లేదన్నది గమనించాలి. పిల్లలు చేయబోయే తప్పును టీచరు ముందే ఊహించడం, ఆ తప్పు దాగకుండా బయటపడే లెక్కను ఎంచుకోవడం, సరైనదేదో పిల్లలే తేల్చుకునే దారి ఉంచడం, ఈ మూడూ కలిసి పాఠాన్ని పట్టు సడలకుండా నడిపాయి. మరి ఆకర్షణ ఉన్న వస్తువులను పక్కన పెట్టేయాలా అంటే, అక్కర్లేదు. పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామనపల్లి దగ్గర భారత భూగర్భ సర్వే సంస్థ శాస్త్రవేత్తలు రాక్షసబల్లి ఎముకలు వెలికితీశారు. 1988లో పి. యాదగిరి దానికి ఊరి పేరు కలిపి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని నామకరణం చేశారు. ఆకులు అలములు తిని బతికిన జంతువది, పొడవు సుమారు 9 మీటర్లు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. తమ జిల్లాలోనే రాక్షసబల్లి తిరిగిందంటే ఎగిరి గంతేయని పిల్లలుంటారా? అయితే కొలతల పీరియడ్‌లో ఆ బొమ్మ ఇచ్చి రంగులు వేయమంటే పిల్లలు నలభై నిమిషాలూ రంగుల గురించి ఆలోచిస్తారు. మీటరు మాట ఎక్కడా రాదు. అదే పీరియడ్‌లో వరండా నేల మీద చాక్‌పీసుతో ఒక గీత గీసి, తోక ఇక్కడుంటే తల ఎక్కడి దాకా వస్తుందో గుర్తు పెట్టమంటే సంగతి వేరు. ప్రతివాడూ ఒక చోట గీత గీస్తాడు. ఎవరి గీత నిజమో తేలాలంటే కొలవక తప్పదు. మీటరు బద్ద లేకపోతే మీటరు తాడు చాలు. తాడును తొమ్మిదిసార్లు పెట్టేటప్పుడు ఒకసారికీ ఇంకోసారికీ మధ్య ఖాళీ వదిలేసినవాళ్లకు ఒక కొలత, ఒకదానిమీదొకటి ఎక్కించి పెట్టినవాళ్లకు ఇంకో కొలత వస్తాయి. అక్కడ పుట్టే తగాదాలోనే కొలవడం అంటే ఏమిటో పిల్లలు నేర్చుకుంటారు. వస్తువు ఒకటే. పిల్లల ఆలోచన ఎటు మళ్లిందన్నదాన్ని బట్టి ఒక పాఠం కొలతలదైంది, ఇంకొకటి రంగులదైంది.

పరిసరాలను బోధనలోకి తేవాలన్నది కొత్తగా చెప్తున్న మాటేమీ కాదు. 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, అదే ఏపెప్, టీచర్లకు ఆరు సూత్రాలు నేర్పింది. కృత్యాల ద్వారా బోధించడం, పిల్లల మధ్య తేడాలను పట్టించుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం అందులోవే. అంతకంటే ముందే ఈ పాత ఆదిలాబాద్ జిల్లాలో ఇంకా లోతైన ప్రయత్నం జరిగింది. 1940లో జోడేఘాట్‌లో గోండు తిరుగుబాటు నాయకుడు కుమురం భీం నేలకొరిగాక, ఆదివాసుల పరిస్థితిని అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పిలిపించింది. ఆయన పూనికతో 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. బడి ముఖం చూడని ఇళ్ల పిల్లలు తమ ఇంటి మాటతోనే చదువు అందుకున్నారు. ఈ మార్లవాయి అనుభవం ఒక పెద్ద అభ్యంతరానికి జవాబు కూడా. బొగ్గు ఊరి పిల్లలకు బొగ్గు లెక్కలే చెప్తే వాళ్లను బాయికే కట్టేసినట్టు కాదా, ఇంగ్లిష్ నేర్చుకొని బయటపడాలని తల్లిదండ్రులు తపన పడుతుంటే మళ్లీ షిఫ్టూ తట్టా చెమ్మసూ ఎందుకు అని అడుగుతారు. ఈ బాధ న్యాయమైనదే. 1990ల తొలినాళ్లలో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉంది. భూగర్భ గనులు మూతపడుతున్న ఊళ్లో ఏ తల్లి అయినా కొడుకు వేరే దారి చూసుకోవాలనే కోరుకుంటుంది. కానీ మార్లవాయిలో గోండితో మొదలుపెట్టినవాళ్లు గోండి దగ్గరే ఆగిపోలేదు. ఉపాధ్యాయులయ్యారు, పట్వారీలయ్యారు, అప్పటిదాకా తమను శాసించిన దస్తావేజులు చదవగలిగారు. తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్లడమే చదువు నడక. పైన చెప్పిన గడియారం పాఠం షిఫ్టుతో మొదలై రైలుతో ముగిసింది. అది షిఫ్టు దగ్గరే ముగిసి ఉంటే తల్లిదండ్రుల ఫిర్యాదు సబబు. 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లిష్ మాధ్యమం వచ్చింది, ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు ఇచ్చారు. ఎదురుగా తెలిసిన సంగతి ఉన్నప్పుడు పరాయి భాష మాట అంటుకోవడం తేలిక. సంగతీ తెలియక, మాటా తెలియకపోతే ఆ పేజీ పిల్లవాడికి బొమ్మల పేజీ మాత్రమే.

ఇక రెండో అభ్యంతరం పాత తరం నుంచి వస్తుంది. మేం ఎక్కాలు బట్టీ పట్టాం, పలక మీద వందసార్లు దిద్దాం, మాకు చదువు రాలేదా అంటారు. ఎక్కాలు నోటికి రావాలన్న మాటతో నాకు విభేదం లేదు. ఏడు ఎనిమిదులు ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్న పిల్లవాడికి భాగహారంలో తరవాతి అడుగు ఆలోచించడానికి బుర్రలో చోటు మిగలదు. పిల్లలను వాళ్ల మానాన వదిలేసి అన్నీ వాళ్లే కనిపెట్టాలనడం కూడా పొరపాటే. కొత్తగా నేర్చుకునేవాళ్లకు దారి చూపకుండా అన్వేషణ మాత్రం అప్పగిస్తే గందరగోళమే మిగులుతుందని బోధన పరిశోధకులు చాలాకాలంగా చెప్తున్నారు. టీచరు ఒక లెక్క చేసి చూపించాలి, ఇద్దరు పిల్లల చేత చేయించాలి, ఆ తర్వాత అందరికీ ఇవ్వాలి. బట్టీతో వచ్చే చిక్కు అది ఒంటరిగా ఉన్నప్పుడే. మూడు షిఫ్టుల ఎనిమిదులు కలిపి 24 అని తేల్చుకున్న పిల్లవాడు ఎనిమిదో ఎక్కాన్ని వల్లె వేస్తే ఆ అంకెలకు ఒక ఒడ్డు దొరుకుతుంది. పైగా పాత పద్ధతిలో చదువు వచ్చినవాళ్లే ఇప్పుడు మాట్లాడుతున్నారు. అదే పద్ధతిలో రాక బడి మానేసి బాయిదారి, పొలందారి పట్టినవాళ్ల మాట ఈ వాదనలో వినిపించదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం టీచర్లదే, దీన్ని తేలిగ్గా తీసుకోవడం అన్యాయం. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. తరగతులు ఐదు. మధ్యాహ్న భోజనం లెక్క, ఆన్‌లైన్ హాజరు, ఎన్నికల విధులు, మీటింగులు ఇవన్నీ వాళ్లమీదే. ఐదు తరగతులకు, నాలుగు సబ్జెక్టులకు రోజూ ఇంత సూక్ష్మంగా ప్రణాళిక వేయమంటే ఎవరి తరం? తరం కాదు. అందుకే తరగతికో పాఠం అన్న చట్రాన్నే కొంత సడలించాలి. చిత్తూరు ప్రాంతంలోని రిషివ్యాలీ గ్రామీణ బడుల్లో పద్మనాభరావు, రమ దంపతులు దశాబ్దాల కింద చేసి చూపించింది ఇదే. ఒకే టీచరు, ఒకే గది, వేర్వేరు వయసుల పిల్లలు. చదవడం, లెక్కలు అన్నవాటిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు కార్డులు చేశారు. పిల్లవాడు తన మెట్టు కార్డు తీసుకొని పని చేసుకుంటాడు, టీచరు అవసరమైనవాళ్ల పక్కన కూర్చుంటారు. ఈ నమూనాను చూసే తమిళనాడు తన కృత్యాధార బోధనను రూపొందించుకుంది. అన్ని బడులూ రిషివ్యాలీ కాలేవు, అంత తయారీ వెనకాల ఏళ్ల కష్టం ఉంది. అయినా అందులోని ఒక్క కిటుకు ఎక్కడైనా పనికొస్తుంది: ఒకే సంగతి మీద మూడు మెట్ల పని. బొగ్గు వ్యాగన్లతో గూడ్స్ బండి వెళ్తోందనుకోండి. ఒకటో తరగతివాళ్లు డబ్బాలు లెక్కపెట్టి పదేసి కట్టలుగా గీతలు గీస్తారు. మూడో తరగతివాళ్లు ఒక డబ్బాలో 60 టన్నులైతే పది డబ్బాల్లో, ఇరవై డబ్బాల్లో ఎంతో చేస్తారు. ఐదో తరగతివాళ్లు మొత్తం బండి బరువు ఎంతో ముందు సుమారుగా ఊహించి, ఆ తర్వాత గుణించి, తమ ఊహ ఎంత దూరంలో ఉందో చూసుకుంటారు. ప్రణాళిక ఒకటే, రాత ఒక పేజీ. వారానికి ఇలాంటివి రెండు పాఠాలు శ్రద్ధగా వేసి మిగతా రోజులు పుస్తకాన్ని అనుసరించినా నష్టం లేదు. రోజుకు ఐదు ప్రణాళికలు ఒకదాన్ని చూసి ఒకటి ఎత్తి రాయడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం.

ప్రభుత్వమే తయారుచేసిన ప్రణాళికలు ఉండగా టీచరు మళ్లీ ఎందుకు తలపట్టుకోవాలన్న ప్రశ్న కూడా ఉంది. 2022 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం ఒకటి నుంచి ఐదు తరగతులకు చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియల మీద దృష్టి పెట్టింది, టీచర్లకు కరదీపికలు ఇచ్చింది. ఇలాంటి మార్గదర్శకాలు మేలు చేస్తాయనడానికి ఇతర దేశాల్లో ఆధారాలున్నాయి. కెన్యాలో టుసోమె కార్యక్రమం పాఠాలవారీ మార్గదర్శకాలతోనే పిల్లల చదువును ముందుకు తెచ్చింది. బెంజమిన్ పైపర్, ఆయన సహచరులు 13 దేశాల్లోని 19 కార్యక్రమాల గైడ్లను పోల్చి చూసినప్పుడు, టీచరు పలకాల్సిన ప్రతి మాటనూ రాసి ఇచ్చినవాటి కంటే కొంత వెసులుబాటు ఉంచినవే మెరుగైన ఫలితాలు ఇచ్చాయి. కాబట్టి కరదీపికను పక్కన పడేయక్కర్లేదు, దాన్ని యథాతథంగా అప్పజెప్పక్కర్లేదు. అడుగుల వరుస దానిది, ప్రశ్నా ఉదాహరణా టీచరువి. హైదరాబాద్‌లో కూర్చొని రాసినవాళ్లకు బెల్లంపల్లి పిల్లవాడు 11లోంచి 7 తీసేస్తాడని తెలిసినా, ఆ తప్పును బయటికి లాగే ప్రశ్న ఆ పిల్లవాడి క్వార్టర్ల వెనకాలే ఉందని తెలియదు.

ఇది ఒక్కరే మోయాల్సిన బరువూ కాదు. జపాన్ ప్రాథమిక బడుల్లో టీచర్లు కొందరు కలిసి ఒకే ఒక్క పాఠానికి ప్రణాళిక వేస్తారు. ఒకరు బోధిస్తుంటే మిగతావాళ్లు వెనక నిలబడి టీచరును వదిలేసి పిల్లలనే గమనిస్తారు, ఆ తర్వాత కూర్చొని పాఠాన్ని మారుస్తారు. మన దగ్గర స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ సమయం సర్క్యులర్లకూ, అడిగిన వివరాలు నింపడానికీ పోతోంది. మండల విద్యాధికారులు, కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయులు తలచుకుంటే అందులో ఒక గంట ఒక్క పాఠానికి కేటాయించడానికి కొత్త నిధులు అవసరం లేదు, కొత్త ఉత్తర్వూ అవసరం లేదు. మొదటగా తీసుకోదగ్గది అప్పు తెచ్చుకొని చేసే తీసివేత. 52లోంచి 27 తీసేయమంటే, 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచే 2 తీసేసి 35 అని రాసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. ప్రతి టీచరూ తన తరగతిలో ఆ తప్పు చేసిన నోటుబుక్కులు రెండు మూడు పట్టుకొస్తే, ఆ గంటసేపు మాట్లాడుకోవడానికి అవి చాలు.